లోపలి కండ

"ఏమే! చెవుడా? ఆ నీళ్ల డబ్బాలు కడగడానికి ఎంతసేపే!"

మా ఆయన కోళ్ల షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగే మామూలు ప్రశ్న ఇది. మామూలు గొంతుతోనే. ఆ మామూలుకే కోళ్లన్నీ టపటపా రెక్కలు కొట్టుకుంటూ గోడకు చేరతాయి. నేను చేరను, గోడదాకా పోయే తీరిక నాకేదీ? మేత పోసేదీ, పెంట ఎత్తేదీ, ఇంటికెళ్లి వండేదీ నేనే. కొట్టుకునే రెక్కలు వాటివి, ముక్కలయ్యే రెక్కలు నావి. "మగాడన్నాక గొంతుండదా? వాడి అరుపులో కోపం లేదే, బలముంది" అంటుంది మా అత్తగారు. ఆ బలం నాకు ఇన్నేళ్లుగా అరక్క, భుజాల్లో పేరుకుపోయింది.

ఇంతలో కోళ్లు కొనేవాళ్లు కబురు పెట్టారు. మా కోళ్లను కోస్తే లోపలి కండ పచ్చగా ఉంటోందట, ఇంకో బ్యాచ్ ఇలాగే వస్తే కొనరట. షెడ్డు మూతపడితే మా పొయ్యికీ మూతే. "మేతలో ఏం కలిపావే!" అని తల్లీకొడుకులు నన్ను నిలదీశారు. కాపురం పచ్చగా ఉండాలని పెద్దలు దీవించారు కదా, ఆ పచ్చదనం దారితప్పి కోడిలో తేలిందేమో అనుకున్నాను. పైకి అంటే ఇంకో కేక.

కోళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఒక కోడిని కోయించి, ఛాతీ కండ విప్పి చూపించింది. పైన గులాబీ రంగు, లోపల పాచి రంగు.

"మేత తప్పు కాదండీ. మాంసం కోసం వీటి ఛాతీని అంత బరువుగా పెంచుతున్నాం. బెదిరి అదేపనిగా రెక్కలు కొట్టుకుంటే లోపలి కండ వాస్తుంది. చుట్టూ బిగుతు పొర. ఉబ్బే చోటులేక, రక్తం అందక, అక్కడే చచ్చిపోతుంది. బయటికేం తెలీదు. తింటుంది, తిరుగుతుంది."

నా జాతకం ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

"మరి వీటిని బెదరగొడుతున్నదెవరు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎవరూ లేరండీ!" అని అరిచాడు మా ఆయన.

షెడ్డంతా రెక్కలు. లేచిన ఈకలు నెమ్మదిగా వచ్చి ఆయన నెత్తిమీదే వాలాయి. డాక్టరమ్మ నన్ను చూసింది. నేను నవ్వాపుకోవడానికి, కడిగిన డబ్బానే మళ్లీ కడిగాను.

"ఇకమీదట ఇక్కడ గొంతెత్తకూడదు" అందామె.

ఆయన గుసగుసలు నేర్చుకున్నాడు. "ఏమే" కాస్తా "ఇదిగో" అయింది. ఇంట్లో ఏ గొడవొచ్చినా "షెడ్డులోకి రండి, మాట్లాడుకుందాం" అనేదాన్ని. ఇన్నేళ్ల నా బతిమాలాట సాధించనిది, ఎగరలేని కోళ్లు సాధించాయి. తర్వాతి బ్యాచ్‌లో ఒకదాన్ని కోయించి చూస్తే ఏ పచ్చదనమూ లేదు. మిగతావి బండెక్కి బయల్దేరిన రోజు, బండి మలుపు తిరిగేదాకా చేతులు జోడించే నిలబడ్డాను. కోతకు పోయేవాళ్లకు కృతజ్ఞత చెప్పడం సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాను.

షెడ్డు ఖాళీ. ఆయన ఇంట్లోకొచ్చి ఛాతీనిండా గాలి పీల్చాడు.

"మెల్లగా" అన్నాను, వంటింటి మూలనున్న బుట్ట చూపించి. "ఒకదాన్ని ఉంచేసుకున్నాను."

బుట్టలోంచి కోడి మెడ చాపి ఆయన్ని చూసింది. పీల్చిన గాలి ఊరికే వదిలేశాడు.

"కాస్త మంచినీళ్లిస్తావా?" అన్నాడు.

"మీ పక్కనే ఉన్నాయి" అన్నాను, అంతే మెల్లగా.