అంకమ్మ అరచేయి

మా అమ్మమ్మ అంకమ్మ మమ్మల్నెప్పుడూ అరచేత్తో ముట్టుకోలేదు. చెంప నిమిరినా, జ్వరం చూసినా, కన్నీళ్లు తుడిచినా చేతి వెనక భాగంతోనే. మిరప తొడిమలు తుంచే ఆడవాళ్లందరూ పిల్లల దగ్గర అలాగే ఉంటారు. ఆ ఘాటు చర్మంలోకి దిగితే సబ్బుకి పోదు, నీళ్లు పోస్తే ఇంకా రగులుతుంది. కాయల కాలం అయిపోయాక అందరూ మామూలు చేతులతో పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు. అమ్మమ్మ మాత్రం వానాకాలంలో కూడా చేతిని తిప్పే ముట్టుకునేది. తన అరచేతిని తానే నమ్మలేదేమో అని నాకు చాలా ఆలస్యంగా తోచింది.

అమ్మమ్మ పోయిన వారానికి, దర్శి దగ్గర మా ఊళ్లో, ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. ఇంటి వెనక కల్లంలో ఆమె చివరి పంట టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరిచి ఉంది. చావు ఇంట్లో ఉన్నా మిరపకాయ ఆగదు. మంచు తగిలితే నల్లబడుతుంది, ఎండ ఎక్కువైతే తెల్లగా తాలు అవుతుంది. అందుకని పొద్దున ప్రార్థన అయ్యాక అమ్మా, నా చెల్లెలు ఆరాధనా అక్కడే కూర్చుని తొడిమలు తుంచారు. పాటలు మొదలయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఆడవాళ్ల వైపు కూర్చున్నారు.

మొదటి వరసలో ఆరాధన భర్త ప్రసన్నకుమార్ ఉన్నాడు. సింగరాయకొండ నుంచి కారులో వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు చూడటానికి వచ్చిన ఆరాధన మళ్లీ అతని ఇంటికి వెళ్లలేదు. ఆరాధన తనకి ఒళ్లు తుడుస్తూ వంగినప్పుడు, మొగుడు కొట్టిన వాతలు ఆమె భుజం మీద అమ్మమ్మకి కనపడ్డాయి. అప్పటికి మాట పడిపోయింది. కళ్లు మాత్రం నా వైపు తిప్పి చాలాసేపు అలాగే ఉంచింది.

ఇవాళ భోజనాలయ్యాక ఆరాధన భర్త వెంట వెళ్లాలని కరుణాకర్ మామయ్య నిర్ణయించాడు. మామయ్య హైస్కూలు హెడ్మాస్టరు, సంఘ పెద్ద. ఆయన చెడ్డవాడు కాదు, అదే కష్టం. ఆరాధన బ్యాగు అప్పటికే కారు డిక్కీలో ఉంది. తన మూడేళ్ల కూతురు అమూల్య చెప్పులు కూడా అందులోనే ఉన్నాయి. పిల్ల వట్టి కాళ్లతో తిరుగుతోంది.

మామయ్య సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మైకు పట్టుకుని, వాళ్లమ్మ జీవితాన్ని మాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పుకొచ్చాడు. తండ్రి దానయ్య తాగి వచ్చి కొట్టేవాడు. తల్లి పల్లెత్తు మాట అనలేదు. మోకాళ్ల మీద ప్రార్థించింది. ఒకనాడు పొలంలో పురుగుమందు కొడుతుంటే గాలికి దానయ్య ఎడమ కంట్లో పడి చూపు పోయింది. ఆ శ్రమలోనే దేవుడు అతనితో మాట్లాడాడు. ఉజ్జీవ సభల్లో మారుమనస్సు పొందాడు. మళ్లీ చెయ్యెత్తలేదు. అంతా చెప్పి, ఆడవాళ్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“మా అమ్మ ఓర్పుతో మా నాన్నని గెల్చుకుంది. అమ్మా ఆరాధనా, నీకు మీ అమ్మమ్మ ఇచ్చిపోయిన ఆస్తి అదే.”

ప్రసన్నకుమార్ తల వంచుకున్నాడు. దించిన తలలో ఎంత నిబ్బరం ఉంటుందో ఆ మెడ చూశాక తెలిసింది.

తాతయ్య కన్ను పోయిన రోజుల్లో మామయ్య ఒంగోలు హాస్టల్లో చదువుకుంటున్నాడు. కల్లంలో ఉన్నది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

తాతయ్య చేతిలో మందు కొట్టే యంత్రం పైపు ఉంది. కారణం నాకు గుర్తు లేదు. ఆయన కారణాలు దెబ్బల తర్వాత పుట్టేవి. పైపు ముందు గాలిని కోసేది, ఆ తర్వాత వీపు మీద మోగేది. అమ్మమ్మ పని ఆపేది కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక తొడిమ తుంచేది. ఆమె ఆ నొప్పిని దాటేసి వేరే చోట కూర్చుని ఉందని, ఈ వీపు ఎవరిదో అని నాకు అనిపించేది. ఆ రోజు మా అమ్మ అడ్డం వెళ్లింది. పైపు చివర ఉన్న ఇత్తడి మూతి అమ్మ కనుబొమని చీల్చింది. రక్తం కాయల మీద కారింది. ఎరుపు మీద ఎరుపు. పడిందో లేదో కూడా కనపడలేదు.

అమ్మమ్మ అప్పుడు లేచింది.

భుజంతో పొట్టలో గుద్దింది. తాతయ్య కాయల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. ఆమె ఛాతీ మీద కూర్చుంది. మోకాళ్లతో రెండు చేతులూ నేలకి తొక్కిపట్టింది. బొటనవేళ్లతో రెప్పలు విప్పి, పొద్దుటి నుంచీ తొడిమలు తుంచిన అరచేతులు ఆ కళ్ల మీద పెట్టి రుద్దింది. ఇంటి నేల పాముతున్నట్టు, నిదానంగా, శ్రద్ధగా రుద్దింది. తాతయ్య అరుపు సగంలో తెగి గరగరగా మారింది. మడమలు పట్టాని చించేశాయి.

“ఎత్తుతావా ఇంకోసారి?” అంది అమ్మమ్మ. గొంతు పెంచలేదు.

ఎత్తనన్నాడు. యేసు సాక్షిగా ఎత్తనన్నాడు. ఆమె రుద్దడం ఆపలేదు. నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది అదే. ఎత్తను అన్న తర్వాత కూడా ఆమె ఆపలేదు.

తర్వాత తనే మజ్జిగ కుండ తెచ్చి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని కళ్లల్లో పోసింది. కుడికన్ను దక్కింది. ఎడమది పాలగాజులా తెల్లబడింది. కంట్లో మందు పడిందని ఊరికి చెప్పింది. తాతయ్యా అదే చెప్పాడు. పెళ్లాం చేతిలో ఓడిపోయానని చెప్పుకోవడం కన్నా దేవుడి చేతిలో ఓడిపోయానని చెప్పుకోవడం ఆయనకి తేలిక. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆయన పోయినప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు.

నేను ఆ రోజు భయపడలేదు. పొట్ట అడుగున ఒక వేడి సంతోషం కదిలింది. నన్ను ఆ తర్వాత భయపెడుతూ వచ్చింది ఆ సంతోషమే. మనుషులకి దూరంగా, ఒంగోలులో ఒక గది తీసుకుని ఒంటరిగా బతకడానికి నేను చెప్పుకునే కారణాలన్నిటి కిందా అదే ఉందని నాకు తెలుసు.

మామయ్య కూర్చున్నాడు. నేను లేచి మైకు దగ్గరికి వెళ్లాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు చెప్పాను. పైపు, కనుబొమ, అరచేతులు, మజ్జిగ. అమ్మమ్మ ఓర్చుకున్నన్నాళ్లూ తాతయ్య కొడుతూనే ఉన్నాడని, మానింది ఆ ఒక్క మధ్యాహ్నం తర్వాతేనని చెప్పాను. మామయ్య మొహం నెత్తురు ఇంకిపోయినట్టయింది. చిన్నతనంలో ఏదో చూసి భయపడ్డదని, పిల్లల జ్ఞాపకాలు అలాగే ఉంటాయని పాస్టరుగారితో అన్నాడు.

వెనక నుంచి మా అమ్మ లేచింది. ఆమె కూడికల్లో పాట తప్ప మాట ఎత్తి ఎరగదు. జుట్టు పక్కకి తీసి కనుబొమ మీది మచ్చ చూపించింది.

“అది చూసింది నిజమే కరుణా. అమ్మ నాన్నని గెలిచింది ఓర్పుతో కాదు.”

పాస్టరుగారు తొందరగా ముగింపు ప్రార్థన అందుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆరాధన కూడా మూసుకోలేదు. ఆమె లేచి ఇంటి పక్క సందులోంచి కల్లంలోకి వెళ్లిపోయింది.

ఆమేన్ అనగానే ప్రసన్నకుమార్ ఆమె కోసం చూశాడు. నేనూ అమ్మా అతని వెనకే వెళ్లాం. కల్లంలో ఆరాధన పట్టా మీద బాసింపట్టు వేసుకుని తొడిమలు తుంచుతోంది. ఒక్కొక్క కాయనీ అరచేతుల మధ్య నలిపి, గింజలు రాల్చి, మళ్లీ ఇంకోటి తీసుకుంటోంది. తొడిమ తుంచేవాళ్లు ఎవరూ కాయ నలపరు. చేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కళ్లు ధారగా కారుతున్నాయి. అది ఏడుపు కాదు.

“నాటకాలు చాలు, కారెక్కు. జనం చూస్తున్నారు,” అన్నాడు ప్రసన్నకుమార్.

ఆమె ఇంకో కాయ నలిపింది.

బూట్లతోనే అతను కాయల మీదికి వచ్చాడు. కాలి కింద ఎండుకాయలు పటపట పగిలాయి. వంగి ఆమె జడ మణికట్టుకి చుట్టుకుని పైకి లాగాడు. మెడ వెనక్కి విరిగినట్టు వంగింది. మామయ్య గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు. జడ తెగుతున్నంత లాగుడుకి ఆమె మోకాళ్ల మీద లేచి, అతని వైపు తిరిగి, అరచేతిని అతని చెంప మీద ఆనించింది. కంటికి సరిగ్గా కింద. బొటనవేలు రెప్ప అంచు మీద ఉంది.

నొక్కలేదు.

నొక్కు, అనుకున్నాను నేను. తొమ్మిదేళ్ల వయసులో పొట్ట అడుగున కదిలిన ఆ వేడే మళ్లీ లేచింది. పక్కన అమ్మ ఊపిరి వినపడుతోంది. ఆమె కూడా అదే అనుకుంటోందని ప్రమాణం చేసి చెప్పగలను.

“లాగు, ఇంకా లాగు,” అంది ఆరాధన.

ఘాటుకి అప్పటికే అతని కన్ను నీరు కారి మూసుకుపోతోంది. తల వెనక్కి తియ్యబోయాడు. ఆమె చెయ్యి కూడా తలతో పాటే వెళ్లింది. అతని వేళ్లు ఒక్కొక్కటే జడ వదిలాయి. వెనక్కి నడిచాడు, కాయల్లో జారి మోకాలి మీద పడ్డాడు, లేచాడు. చెంప మీద అయిదు వేళ్లూ తేలుతున్నాయి. కొళాయి దగ్గరికి పరిగెత్తి దోసిళ్లతో నీళ్లు కొట్టుకున్నాడు. సింగరాయకొండ బజారులో పెరిగినవాడు, నీళ్లు పొయ్యకూడదని తెలియదు. అరుపు ఊరంతా వినపడింది. లోపల మజ్జిగ ఉంది. అమ్మ కదల్లేదు. నేనూ కదల్లేదు.

చివరికి గిన్నె తీసుకెళ్లింది మామయ్య. మజ్జిగ ఇచ్చి, కారు తాళం అడిగి, డిక్కీ తెరిచి బ్యాగు దింపాడు. మమ్మల్ని చూడకుండా దాన్ని గుమ్మంలో పెట్టాడు. పైన పిల్ల చెప్పులు పెట్టాడు.

అమూల్య ఆ అరుపుకి బెదిరి, ఏడుస్తూ తల్లి మీదికి పరిగెత్తుకొచ్చింది. ఆరాధన చేతులు రెండూ గాల్లోకి ఎత్తేసింది.

“చేతులు ముట్టుకోమాక నానీ, మండుద్ది.”

పిల్ల ఆగింది. ఆరాధన కాసేపు తన చేతుల వైపే చూసుకుంది. అప్పుడు మణికట్టు తిప్పి, చేతి వెనక భాగంతో పిల్ల చెంప తుడిచింది.