అప్ప పలికింది

పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా కొరియన్ పాటల పండగ జరుగుతుంది. ఇన్నాళ్ళూ వెనక వరసలో గంతులేసిన నన్ను ఈసారి ఒక్కదాన్నే పాడమన్నారు. దొరికింది నాన్న మీద పాట. పల్లవి పొడుగునా "అప్పా" అని పిలవాలి. కొరియన్ భాషలో అప్పా అంటే నాన్న. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడి ప్రోతరాపూర్ పేటలో స్థిరపడ్డ మా ఇళ్ళలో మాత్రం అప్ప అంటే అక్క.

అసలు చిక్కు అది కాదు. నాకు నాన్న గుర్తు లేడు. నేను పాలు మానకముందే సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అమ్మ కూడా ఎక్కువ కాలం లేదు. చేపలమ్మి నన్ను పెంచింది మా అప్ప రాజకుమారి. పాట నేర్పే సింధూరి దీదీ రోజూ ఒకటే మాట అనేది: "సాయిలక్ష్మీ, గొంతు బాగుంది. పిలుపులోనే ప్రాణం లేదు. మీ నాన్నగారిని తలుచుకో." ఎరగని ముఖాన్ని ఎక్కణ్ణుంచి తేను? స్టేజీ మీద కూడా ఇలాగే పాడితే వచ్చే ఏడు మళ్ళీ వెనక వరసే. ఆ బెంగతో నాకు అన్నం సయించేది కాదు.

అప్పకేమో ఈ గోలంతా గిట్టదు. "మీసాల్నేని గుంటలూ ఆళ్ళూను!" అని నా ఫోన్‌లో కొరియన్ గాయకుల బొమ్మల్ని తిట్టేది. అయినా పండగ రోజున బజారు నుంచి తిన్నగా హాలుకొచ్చి, చేపల వాసనతో ముందు వరసలో కూర్చుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగితే ఇంకాస్త విశాలంగా సర్దుకుంది. అదీ మా అప్ప!

పాట మొదలైంది. పల్లవి దగ్గరికొచ్చేసరికి, ఎప్పటిలాగే ప్రాణం లేకుండా "అప్పా" అన్నాను.

"ఓయ్! ఏటే? ఈడే ఉన్నాను!" అంటూ అప్ప లేచి నిలబడింది.

హాలంతా గొల్లుమంది. "బైఠ్ జావో దీదీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"గుంట పిలస్తంటే కూకోమంతావేటి భయ్యా?" అని అతన్ని కసిరి, నాకేసి చూసింది. నాకు జ్వరమొచ్చినప్పుడు చూసే చూపు అది. ఒక్కసారిగా ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఆమెనే చూస్తూ మళ్ళీ "అప్పా" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. మిగతా పాటంతా ఆమెకే పాడాను.

బహుమతి ఇంకెవరికో వచ్చింది. నాకేం బాధ కలగలేదు. బయటికొచ్చాక సింధూరి దీదీ నన్ను కావలించుకుని, "నాన్నని ఎంత బాగా పిలిచావే!" అంది.

అప్ప ముఖం వాడిపోయింది. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక మెల్లగా అంది: "నువ్వు నాన్నని పిలిస్తే నాను పలికీసినాను. నలుగుర్లోనీ నీ పరువు తీసీసినానే."

"నాన్నంటే ఎవులో నాకేటి తెలుసప్పా?" అన్నాను. "ఎప్పుడు పిలిసినా పలికింది నువ్వే కదా."