ఎడమ చెవి

కుంపట్లో ఎర్రగా కాలిన కడ్డీ తీసి, హెడ్‌ఫోన్ల ఎడమ చెవి దగ్గర కోసిన తీగకు ఆనించాడు బాలశౌరి. టంకం కరిగి పొగ కళ్ళలోకి పోయింది. తుడుచుకోలేదు. బండ్లు వచ్చేలోగా పని అయిపోవాలి.

అతను ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ జీపు డ్రైవరు. జీపు ఇంజను విప్పి షెడ్డులో పడేశారు. చెరకు సీజను జీపు కోసం ఆగదు. అందుకని జీపులోని వైర్‌లెస్ సెట్టును, బ్యాటరీతో సహా, కాలవగట్టు మీది అతని ఇంటి అరుగు మీద పెట్టారు. ఫ్యాక్టరీ నుంచి కబురు రాగానే గట్టు మీద ఆగిన చెరకు బండ్లను వరసగా వదలాలి.

సెట్టు గోలకు లోపల మంచంలో ఉన్న భార్య శౌరమ్మ ఉలిక్కిపడి లేచి దగ్గేది. ఊపిరితిత్తుల జబ్బు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక ఇల్లు సద్దుమణిగింది గాని ఆమె పిలుపు అతనికి వినపడకుండా పోయింది. నిన్న మంచినీళ్ళకు పిలిచి పిలిచి, తనే లేవబోయి పడింది. అతను చూసేసరికి గడప దాకా పాకి వచ్చి ఉంది.

"ఏమయ్యా, ఫ్యాక్టరీవాళ్ళు పిలిస్తేనే పలుకుతావా?" అంది.

ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు.

స్పీకరు ముందు మాట్లాడితే, తీగ రెండో చివర ఉన్న హెడ్‌ఫోనులో ఆ మాట సన్నగా వినపడుతుందని షెడ్డులో ఎప్పుడో చూశాడు. పాత స్పీకరొకటి తెచ్చి ఆమె దిండు పక్కన పెట్టాడు. తీగను దూలం మీదుగా అరుగు దాకా లాగాడు. కుడి చెవికి సెట్టు. ఎడమ చెవికి ఆమె.

"మాట్లాడు!" అని కేకేశాడు.

ముందు చీమ నడిచినట్టు చప్పుడు. తర్వాత నూతి అడుగునుంచి వచ్చినట్టు శౌరమ్మ గొంతు: "ఇన్నేళ్ళకి నాకో చెవిచ్చావు."

"రెండోది సీజనయ్యాక ఇస్తాలే!"

అప్పుడే గట్టు మీదికొచ్చి ఆగిన ముందు బండి మీది బడే మియా ఆ మాట విని నవ్వాడు. "ఏం డ్రైవరు గారూ, ఫ్యాక్టరీలో ఆడోళ్ళని పెట్టారా?"

పొద్దెక్కింది. కుడి చెవిలో గేటు గుమస్తా జీవరత్నం కేకలు. ఎడమ చెవిలో శౌరమ్మ స్పీకరును గోరుతో తట్టిన చప్పుడు. వెళ్ళి నీళ్ళు తాపి వచ్చాడు. కూర్చున్నాడో లేదో మళ్ళీ తట్టింది. మళ్ళీ వెళ్ళాడు.

"ఏం లేదు. వినపడుతుందో లేదోనని," అంది.

"వినపడతంది. పడుకో."

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో మర ఆగింది. గట్టు పొడుగునా బండ్లు నిలిచిపోయాయి. ఎద్దులు నురగలు కక్కుతున్నాయి. బండివాళ్ళు అరుగు మీదికొచ్చి అరుస్తున్నారు. బాలశౌరి కదల్లేదు. ఎడమ చెవిలో శౌరమ్మ జపమాల చెబుతోంది. మాటలు తెలియడం లేదు. పూసకీ పూసకీ మధ్య ఆమె ఆగడం మాత్రం తెలుస్తోంది.

"బాలశౌరీ, మర తిరిగింది! వదులు!" అన్నాడు జీవరత్నం.

"వదులుతున్నానండీ."

చెయ్యి ఊపాడు. ముందు బండి కదిలింది. రెండోది కదిలింది. మూడోదానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాతి పూస కోసం ఆగాడు. రాలేదు.

"మియా, మిగతావి నువ్వు వదులు," అని హెడ్‌ఫోన్లు తీసి లోపలికి నడిచాడు.

శౌరమ్మ స్పీకరు వైపు ఒత్తిగిలి ఉంది. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆమె కళ్ళు మూశాడు.

ఆమె పెదాలు ఆనిన చోట, స్పీకరు గుడ్డ ఇంకా తడిగా ఉంది.