పడ్డప్పుడు మోగే డోలు

నాగరాణి మళ్లీ పడింది. రైస్ మిల్లు వెనక వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మీద ఒంటిచక్రం సైకిల్ ఒక దిక్కుకు, తను ఒక దిక్కుకు. మోచేతి తోలు లేచి నెత్తురు కారుతోంది. అది ఎవరిదో చెయ్యి అయినట్టు ఒకసారి చూసి, లేచి, సైకిల్ నిలబెట్టుకుంది.

ఆ సైకిల్ అన్న నరేష్ తెలివి. పాత సైకిల్‌ను కోదాడ వెల్డింగ్ షాపుకు మోసుకుపోయి, ముందు చక్రం పీకించి, వెనక చక్రానికే పెడళ్లు పెట్టించి, పైన సీటు అతికించుకొచ్చాడు. "రెండు చక్రాల బండే సక్కగ నడ్పరాదు నీకు" అని తండ్రి కొమురయ్య తిట్టిపోశాడు. నవ్విన నాపచేనే పండింది. వాళ్లది డోలు దరువుకు ఆటలాడే ఒగ్గుడోలు మేళం. సూర్యాపేట చుట్టుపక్కల ఏ పెళ్లి ఊరేగింపుకు పోయినా, భుజాన గొంగడి వేసుకుని ఒంటిచక్రం మీద ఊగే నరేష్ కోసమే జనం ఎగబడేవాళ్లు. నవ్వించడానికి కావాలని పడేవాడు కూడా.

మేళంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ఆడేవాడు కిందపడితే డోలు ఆగకూడదు. ఇంకా జోరుగా కొట్టాలి. అప్పుడు చూసేవాళ్లకు పడడమూ ఆటలాగే కనిపిస్తుంది, పడ్డవాడి పరువు దక్కుతుంది.

పోయిన ఎండాకాలం మిర్యాలగూడ ఊరేగింపులో సీసీ రోడ్డు అంచున చక్రం జారింది. నరేష్ వెల్లకిలా వెళ్లి మోరీ కాలువ గట్టు మీద పడ్డాడు. డోలు నాగరాణి మెడలో ఉంది. కట్టుబాటు ప్రకారం జోరు పెంచింది. పెళ్లివారి పిల్లలు అతని చుట్టూ ఈలలు వేస్తూ ఎగిరారు. నరేష్ చెయ్యి పైకెత్తాడు. అదీ ఆటే అనుకుని ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. కొమురయ్య ఉరికొచ్చి ఆమె చేతిలో డోలు కట్టె గుంజుకుంటే గానీ ఆపలేదు.

నడుము కింద స్పర్శ పోయిందని దవాఖానలో చెప్పారు. ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుని ఏడ్చారు. నాగరాణికి ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆకలి గానీ కోపం గానీ నొప్పి గానీ, ఏదీ రాలేదు. "గుండె రాయి చేసుకున్నది నా బిడ్డ" అని తల్లి చంద్రమ్మ ఇరుగుపొరుగుతో మెచ్చుకోలుగా చెప్పింది. ఏం మెప్పో ఏమో!

నాగరాణికి కావాల్సింది ఒక్కటే. "ఎందుకు ఆపలేదే?" అని అన్న ఒక్కసారి అడగాలి. అతను అడగడు. తిట్టనైనా తిట్టడు. చక్రాల కుర్చీలో కూర్చుని పరాచికాలు ఆడతాడు. "ఒక్క చక్రం నుంచి నాలుగు చక్రాలకొచ్చిన. ఎదిగిన గదనే!"

అందుకే, తనూ అతనిలా పడితేనైనా అడుగుతాడేమోనని, ఎవరెంత వద్దన్నా వినకుండా ఆ సైకిల్ ఎక్కింది. నరేషే నేర్పుతున్నాడు, ఒళ్లో డోలు పెట్టుకుని దరువు వేస్తూ. ఆ డోలు బరువు అతని తొడలకు తెలియదు.

"చక్రం దిక్కు సూడకే, పడ్తవ్. నా దిక్కు సూడు."

ఆమె చక్రాన్నే చూసింది. పడింది. డోలు టక్కున ఆగింది. పొద్దుటి నుంచీ ఇదే తంతు, పడగానే ఆపేస్తాడు.

"ఎందుకు ఆపుతున్నవ్ అన్నా? పడ్డప్పుడే గద జోరు పెంచాలె. కట్టుబాటు మరిసినవా?"

"మరువలే."

"మరి?"

నరేష్ కట్టెను డోలు మీద అడ్డంగా పెట్టాడు. "లేవరాక పడి ఉన్నప్పుడు అది ఇనబడితే ఎట్లుంటదో నాకెర్క. నీకెందుకు ఇనిపిస్తనే?"

నాగరాణి కింద కూర్చునే ఉంది. "గా దినం కొట్టింది నేనే."

"నీ దెబ్బ నేను గుర్తువట్టనా? ఆపుతవేమోనని చెయ్యెత్తి సూసిన."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉన్నది జర్ర. అయితేంది, నువ్వు నా చెల్లెవు."

అప్పుడు తలెత్తి అన్న ముఖం చూసింది. మిర్యాలగూడ తర్వాత అంత సూటిగా చూడడం అదే మొదలు. అతని కళ్లలో నీళ్లున్నాయి. చూస్తుండగానే ఆమె మోచెయ్యి చురుక్కుమంది. కారం పూసినట్టు మంట భుజం దాకా పాకింది.

"మండుతున్నదన్నా" అంది. అంటుంటేనే ఏడుపు తన్నుకొచ్చింది. కల్లం మీదే ముడుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నరేష్ డోలు ముట్టలేదు. ఆమె లేచేదాకా అట్లాగే కూర్చున్నాడు.