బట్టీ ఆర్పిన రోజు

బట్టీ పైకప్పు కూలినప్పుడు ఇటుకలు మోసే ఒక ఆడమనిషి లోపలే ఉండిపోయింది. ఊపిరి ఉంది, పిలిస్తే పలుకుతోంది. యజమాని అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "గుమ్మం కట్టెయ్యండి. చల్లగాలి దూరితే సరుకంతా పాడవుద్ది." కట్టేశారు. ఆమె లోపలినుంచి గోడ కొట్టింది. అందరం విన్నాం.

చచ్చిపోయాక కూడా కొట్టడం మానలేదు. పొద్దు వాలితే చాలు, గోడలోంచి టక్, టక్. నమ్మనివాళ్లు వచ్చి చెవి పెట్టి వినండి. మా పిల్లలు ఆ చప్పుడుకి ముద్ద మింగడం మానేశారు.

ఆమె పెంచుకున్న కొడుకు ఒక డ్రాగన్. బుగ్గిగాడనేవాళ్లం. వాడి జాతివాళ్లు బట్టీ కింద గొలుసుల్లో ఉండి నిప్పు ఊదుతారు. వాళ్ల గుడ్లు బట్టీ అడుగునే ఉంటాయి. నిప్పు ఆరితే గుడ్లు చస్తాయని యజమాని వంశంవాళ్లు తాతలనాటి నుంచీ వాళ్లకు నూరిపోశారు.

మట్టిగుంట దగ్గర సభ పెట్టాం. "ఆర్పేద్దాం! మనిషిని బయటికి తీద్దాం!"

బట్టీ కిందినుంచి పొడుగాటి గొలుసు ఈడ్చుకుంటూ ముసలి డ్రాగన్ వచ్చింది. "ఒక్క శవం కోసం మా వంశాన్ని ఆర్పుతారా?"

బండి తోలేవాడు లేచాడు. "నిప్పు ఊదింది మీరేగా అవ్వా! ఆమెను కాల్చింది మీరేగా!"

"గుమ్మం కట్టింది మీరేగా నాయనా."

అందరి చూపూ బుగ్గిగాడి మీద పడింది.

"ఒరేయ్, నువ్వెటు?" అన్నాడు బండి తోలేవాడు.

"అమ్మ గోడ కొడుతోంది. గుడ్లలో తమ్ముళ్లు పెంకు కొడుతున్నారు. నాకు రెండూ వినబడుతున్నాయి. ఏ చెవి మూసుకోమంటావు మామా?"

వాళ్ల పక్కింటి ముసలమ్మ కసురుకుంది. "ఏ చెవీ మూసుకోకురా వెధవా! ఇదిగో అవ్వా, వీణ్ణి మేం ఎత్తుకురాలేదు. చచ్చిన గుడ్డని యజమాని మనుషులు బూడిదలో పారేసింది వీణ్ణే. వీళ్లమ్మ ఏరి తెచ్చి పొయ్యిలో కప్పెట్టింది. కూర ఉడుకుతుంటే పెంకు పగిలింది. కూర మాడిందని ఎంత తిట్టిందనుకున్నావు! బట్టీలోనే బతుకుతాయని నీకెవరు చెప్పారు?"

ముసలి డ్రాగన్ వాణ్ణి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"ఎన్ని పొయ్యిలున్నాయి మీకు?"

"ఇంటికొకటి."

అంతే. కింద ఊదడం ఆగిపోయింది. ఆడవాళ్లు తట్టల్లో వేడి బూడిద పోసి గుడ్లు మోశారు. మగవాళ్లు గుమ్మం పగలగొట్టారు. బుగ్గిగాడొక్కడే ఆ సెగలోకి వెళ్లాడు. అమ్మను నోట కరుచుకుని వచ్చాడు, పిల్లి కూనను తెచ్చినట్టు. కాలి, ముడుచుకుని, ఇంతే మిగిలింది. చెయ్యి ఇంకా పిడికిలి పట్టే ఉంది.

యజమాని పోలీసులతో వచ్చాడు. "ఈ జంతువు ఎవరిది?"

"మావాడు," అంది ముసలి డ్రాగన్.

"మావాడు," అన్నాడు బండి తోలేవాడు.

బుగ్గిగాడి నోటికి ఇనప చిక్కం వేసి తీసుకుపోయారు. ఇంకా వదల్లేదు.

ఈ కబురు పాకి మర్నాడు ఏటి పొడుగునా ఉన్న బట్టీలన్నిట్లో ఊదడం ఆగింది, ఒక్క బట్టీ పొగ వదల్లేదు. పొగ వచ్చింది మా గుడిసెల్లోంచే. గుడ్లకోసం సోదాకొచ్చిన పోలీసు పొయ్యి ముందు వంగబోయాడు. ముసలమ్మ కాలే గరిటె వాడి ముక్కు ముందు పెట్టింది.

"ముందు మావాణ్ణి తీసుకురా. పొయ్యి సంగతి తర్వాత చూద్దువుగాని."

పోలీసు వెనక్కి తిరిగాడు. గుమ్మానికి అడ్డంగా ముసలి డ్రాగన్ కూర్చుని ఉంది, తెగిన గొలుసుతో.