గేదెలకు పనికొచ్చిన పద్ధతి

తెల్లవారినా ఆ రోజు ఆకాశం మబ్బు వదల్లేదు. పాలాయన ఇంటికి ఆ పిల్ల వచ్చి నాలుగు నెలలు. అనాథాశ్రమం నుంచి తెచ్చి పెంచుకుంటున్న ఆరేళ్ల పిల్ల. కొట్టం దగ్గర కుక్క కనబడితే చాలు, పిల్లకు పైప్రాణాలు పైనే పోయేవి.

పాలు పితికే మిషను చప్పుడుకు కొత్త గేదె బెదిరితే, పాలాయన దాన్ని ఆ మిషను పక్కనే కట్టేసేవాడు. వణికి వణికి అదే సర్దుకునేది. పిల్లకూ ఆ పద్ధతే మంచిదనుకున్నాడు.

"నీకు గేదెలు తప్ప ఇంకో చదువు రాలేదు. అది పసిది," అంది భార్య.

"నువ్వూరుకోవే. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా."

పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని కుక్క ముందు నిలబెట్టాడు. కుక్క తోకాడిస్తూ వాసన చూసింది. పిల్ల ఏడవలేదు. కాసేపటికి వణుకు కూడా ఆగింది. పాలాయన చూశావా అన్నట్టు మీసం దువ్వుతూ భార్య వైపు తిరిగాడు. ఆమె పిల్ల కాళ్ల వైపు చూస్తోంది. గౌను తడిసి, నేల మీద మడుగు కట్టింది.

"భయం పోయింది సార్," అంది, నెల రోజులుగా నాన్నా అని పిలుస్తున్న పిల్ల. "నన్ను మళ్లీ ఆశ్రమానికి పంపించకండి."

పాలాయన చెయ్యి వదిలేశాడు. ఆ చిన్న మణికట్టు మీద తన వేళ్ల అచ్చులు ఎర్రగా కనబడుతుంటే, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. వడ్డించిందంతా పిల్ల ఒక్క మెతుకు వదలకుండా, బుద్ధిగా తింది. పాలాయన కంచంలోంచి తలెత్తలేదు.