కుడిపక్క నొప్పి

కోడలి ఒక్కరోజు పరీక్షకి నాలుగు జతల బట్టలు సర్దుతోంది అత్తగారు. జిప్పు మూసింది, పెన్నులున్నాయో లేవోనని మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసింది.

"సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. వంటెవరు చేస్తారు?" అన్నాడు కొడుకు పేపరు వెనకనుంచి. "కిందటేడు ఎగ్గొట్టింది, ఈ ఏడు రాసి ఊళ్ళేలుతుందట!"

కిందటేడు ఎగ్గొట్టింది కోడలు కాదు. "ఒంట్లో బాగాలేదను చాలు, అదే ఆగిపోతుంది" అన్నాడు కొడుకు పరీక్ష ముందురోజు తల్లితో. ఆమె సరేనంది. కోడలు చెప్పులేసుకుంటుండగా గుండెనొప్పంటూ మంచంమీద వాలిపోయింది అత్తగారు. కోడలు చెప్పులు విప్పేసింది.

ఆ తప్పు దిద్దుకోవాలనే ఈ ఏడాదంతా గడియారం పట్టుకుని కోడలి ఎదురుగా కూర్చుంది. గిన్నెలు తోమడం అయ్యాక, బట్టలు ఆరెయ్యకముందు, దొరికిన అరగంటలో లాజిక్ పుస్తకంలోంచి పాతిక ప్రశ్నలు. బడి మొహం చూడని మనిషి, కూడబలుక్కుంటూ తనకు తానే చదువు నేర్చుకున్నది, ఆ పుస్తకమంతా చదివేసింది. "ముందు ప్రశ్న చూడు, తర్వాత పేరా. 'కాబట్టి' ఎక్కడుందో పట్టుకో. అందులో లేనిది నీ బుర్రలోంచి తెచ్చి కలపకు. తప్పు జవాబులు కొట్టేస్తూ పో. కొరుకుడుపడని దాన్ని పట్టుకు వేలాడకు, వదిలేసి ముందుకెళ్ళు" అని వల్లించేది.

"మీరే రాసెయ్యండత్తయ్యా, ఉద్యోగం మీకే వస్తుంది" అని నవ్వేది కోడలు.

నిన్న మధ్యాహ్నం ఆఖరి నమూనా పేపరు అయ్యాక కోడలు పెన్నుకి మూత పెడుతూ, "ఒక ప్రశ్న అత్తయ్యా. గుండెనొప్పంటూ ఒకావిడ కుడిపక్క పట్టుకుంది. డాక్టర్ని పిలవొద్దంది. కొడుకు కంగారుపడకుండా టీవీ పెట్టుకున్నాడు. దీన్నిబట్టి ఏం తేలుతుంది?" అంది.

ఆమె చేతిలో గడియారం నడుస్తూనే ఉంది.

"తెలిసే ఆగిపోయావుటే?"

"మూడు జవాబులు కొట్టేశాను. మిగిలింది ఒక్కటే. దానిమీద గుర్తు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒకవేళ నిజం నొప్పయితే?"

కోడలు నాలుగు తిట్టినా బాగుండేది. ఈ ఉదయం కొడుకు స్నానానికి వెళ్ళగానే వాడి బీరువా తెరిచింది. "నా దగ్గరుంటే భద్రం" అని పెళ్ళయిన నెలలోనే వాడు తీసి దాచిన కోడలి సర్టిఫికెట్లు చొక్కాల అడుగున దొరికాయి. వాటిని సంచిలో బట్టల కింద పెట్టింది.

"పరీక్షకి హాల్ టికెట్ చాలు కదత్తయ్యా. ఇవన్నీ ఎందుకు?" గొంతు తగ్గించి అడిగింది కోడలు.

"కొరుకుడుపడని దాన్ని ఏం చెయ్యమన్నాను?"

కోడలు సంచి భుజానికి తగిలించుకుంది. "టైం మిగిలితే మళ్ళీ వెనక్కి రావాలి కదా?"

"మిగిలితేనే."

పన్నెండున్నరకు పరీక్ష అయిపోయింది. ఏడింటికి కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంకా రాలేదేంటమ్మా?" అన్నాడు. ఆమె పొయ్యి వెలిగించింది. ఆపిందీ తానే, పంపిందీ తానే. రెండింటిలో ఏది తప్పో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున వెళ్ళిన కోడలు ఆ సాయంత్రం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.